అద్దాలు ఇంట్లో మర్చిపోయాను

మార్చి 30, సోమవారం

ఇది రాజేశ్వరి పనే. ఇంకెవరిదీ కాదు.

పొద్దున స్టాఫ్ రూములో సర్క్యులర్ పుస్తకం తిరిగింది. అటెండర్ యాకయ్య దాన్ని నా ముందు పెట్టి, నేను అడగకుండానే మొదలుపెట్టాడు.

"మీ రిటైర్మెంటు సంగతే టీచరమ్మా. ఏప్రిల్ ఇరవై మూడు ఆఖరు. ఆ పొద్దు అసెంబ్లీల తొమ్మిదో క్లాసు హాజరు మీరే తియ్యాల్నట."

యాకయ్యకు నోరు ఆగదు. పుస్తకం ఎప్పుడు తెచ్చినా అందులో ఏముందో మొత్తం చెప్పేస్తాడు. అతని వాగుడు ఇన్నేళ్లూ నాకు పనికొచ్చింది. ఈ రోజు మాత్రం ఆ నోరు కుట్టేయాలనిపించింది. సంతకం గీసి పుస్తకం అతని చేతిలో పెట్టాను.

ఈ బడిలో అదొక ఆనవాయితీ. వెనకటి ఆగ్నెస్ సిస్టర్ పెట్టి పోయింది. రిటైరయ్యే టీచర్ చివరి రోజున, బడి మొత్తం చూస్తుండగా, ఒక తరగతి హాజరు పట్టీ తెరిచి ఒక్కొక్క పిల్లనూ పేరు పెట్టి పిలవాలి. టీచరుకు పొద్దున మొదటి పని హాజరు కాబట్టి చివరి పని కూడా అదే కావాలని ఆమె మాట. డ్రిల్ సార్ పిలిచాడు. డ్రాయింగ్ టీచర్ పిలిచింది. నేను కుట్టు టీచర్ని, నాకంటూ తరగతి లేదు, నా జోలికి ఎవరొస్తారులే అనుకున్నాను. కానీ కార్యక్రమం రాసేది స్టాఫ్ సెక్రటరీ. స్టాఫ్ సెక్రటరీ అంటే తెలుగు చెప్పే రాజేశ్వరి.

నాకు అక్షరం రాదు. ఆ సంగతి ఆమెకు ఎట్లా తెలిసింది?

మార్చి 31, మంగళవారం

నా తరఫు మాట కూడా ఒకచోట ఉండాలి. రేపు వాళ్లు నన్ను దొంగ టీచర్ అన్నాక మొదలుపెడితే ఎవరూ వినరు. అందుకే ఫోనుకు చెబుతున్నాను. మా తమ్ముడి బిడ్డ సింధు చూపించి పోయింది. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుందట, తారీఖుతో సహా. నేను ఒకటి చెబితే అది ఇంకొకటి రాస్తుందేమో, ఎవరు చూడొచ్చారు. రాయనీ. ఇది ఎవరూ చదవడానికి కాదు. నేనూ చదవలేను కాబట్టి నిజంగానే ఎవరికీ కాదు.

నేను అబద్ధం ఆడలేదు. మా ఆయన పోయాక వర్ధన్నపేట దగ్గరి మా ఊరు విడిచి, కరీమాబాద్‌లో గది తీసుకుని జాకెట్లు కుట్టేదాన్ని. ఆగ్నెస్ సిస్టర్ నా కాజాలు చూసి, మా పిల్లలకు నేర్పుతావా అని అడిగింది. చదువుకున్నావా అని అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. అడగని ప్రశ్నకు జవాబు చెప్పకపోతే అది మోసమా?

అంకెలు వచ్చు, టేపు మీద ఉంటాయి కాబట్టి. పేరు గీయడం నేర్చుకున్నాను. మాట కూడా మార్చుకున్నాను. టీచర్ల మధ్య కూర్చుని కూర్చుని పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడతాను. మా ఊరి మాట కోపం వచ్చినప్పుడే బయటికి వస్తుంది. మార్కులు నేను నోటితో చెబితే క్లాస్ లీడర్ రాస్తుంది. చదవాల్సింది ఏదైనా ముందుకొస్తే, అద్దాలు ఇంట్లో మర్చిపోయాను అంటాను.

ఆ అద్దాలు ఎట్లా వచ్చాయో కూడా చెప్పాలి. నేను చేరిన కొత్తలో ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన సారు ఒక పుస్తకం నా చేతికిచ్చి, చదివి వినిపించమన్నాడు. పుస్తకం తెరిచి పట్టుకున్నాను. ముందు బెంచీలో ఎవరో పిల్ల లేచి, "టీచర్ అద్దాలు ఇంట్ల మర్చిపోయిండ్రు సార్" అంది. పాపం, నన్ను చూసి ఇంకెవరో అనుకుని ఉంటుంది. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. ఆ వారమే హనుమకొండ చౌరస్తాకు పోయి అద్దాలు కొన్నాను. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. అక్కడ గోడకు అక్షరాలు పెట్టి చదవమంటారని విన్నాను. దుకాణం వాడితో, ఉత్త అద్దమే పెట్టి ఇయ్యి అన్నాను. ఈ రోజు వరకూ ఉత్త అద్దమే.

ఇన్నేళ్లలో ఒక్కరికి అనుమానం రాలేదు. నేను అంత జాగ్రత్తగా ఉన్నాను.

ఏప్రిల్ 1, బుధవారం

నాకు భయం లేదు.

ఏప్రిల్ 2, గురువారం

హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ లూర్దు గదికి వెళ్లాను. ఆమె గుంటూరు వైపు మనిషి, వచ్చి ఎక్కువ కాలం కాలేదు.

"నేను రోల్ నంబర్లతో పిలుస్తాను సిస్టర్. పిల్లలు ఎండలో నిలబడకుండా తొందరగా అయిపోతుంది" అన్నాను.

ఆమె నవ్వింది. "నంబర్లతో జైల్లో పిలుస్తారండీ బక్కమ్మగారూ. మీరు పేర్లతోనే పిలవండి. పిల్లలు ఎంత ఆశగా ఉన్నారో."

ఆశ దేనికి? ఈస్టర్ ముందు తపస్సు కాలమని సిస్టర్ టీ మానేసింది. మరి బల్ల మీద ఖాళీ టీ గ్లాసు ఎవరిది? నాకంటే ముందు రాజేశ్వరి వచ్చి కూర్చుని పోయింది. ఆ కుర్చీ ఇంకా పక్కకు జరిగే ఉంది.

ఏప్రిల్ 6, సోమవారం

నిన్న ఈస్టర్. ఈ రోజు సిస్టర్లు స్టాఫ్ రూముకు కేకు పంపారు. రాజేశ్వరి ఒక ముక్క తెచ్చి నా ముందు పెట్టింది.

"టీచర్, ఇది మీకు."

స్టాఫ్‌లో అందరూ నన్ను అక్కా అంటారు. ఈమె ఒక్కతే టీచర్ అంటుంది, వెక్కిరించినట్టు. ఈ బడిలోనే చదివిందట, నా దగ్గరే కుట్టు నేర్చుకుందట. ఎన్ని వందల మంది నేర్చుకున్నారు, ఈమె చిన్నప్పటి ముఖం నాకు గుర్తులేదు. ఆమె జాకెట్టు చేతి అంచు చూస్తే నేర్చుకున్నట్టు కూడా అనిపించదు.

వంగి మెల్లగా అడిగింది. "పేర్లు జర పెద్దగ రాసియ్యాల్నా టీచర్?"

"ఎందుకు? నాకు కండ్లు లేవా?"

"అట్ల కాదు టీచర్..."

"మరెట్ల?"

లెక్కలు చెప్పే నిర్మల పక్క కుర్చీలోంచి, "రాజేశ్వరీ, అక్కతోని పెట్టుకోకు. మూతికి టాకా ఏసి కుట్టేస్తది" అంది. అందరూ నవ్వారు. రాజేశ్వరి నవ్వలేదు. నవ్వని మనిషిని కనిపెట్టి ఉండాలి.

కేకు తినలేదు. యాకయ్యకు ఇచ్చాను.

ఏప్రిల్ 8, బుధవారం

నాకూ బుర్ర ఉంది. తొమ్మిదో తరగతి లీడర్ తేజస్విని కుట్టు గదికి పిలిచి, యూనిఫాం కొలతలకు పేర్లు కావాలి, పట్టీ తెచ్చి వరసగా చదువు అన్నాను.

"అద్దాలు మర్చిపోయిండ్రా టీచర్?"

"అవును."

అద్దాలు నా మెడలో గొలుసుకు వేలాడుతున్నాయి. అదృష్టం, పిల్ల చూడలేదు.

చదివింది. మళ్లీ చదవమన్నాను. మళ్లీ. ఎందుకని ఒక్కసారి అడగలేదు. ఈ కాలం పిల్లలు మంచినీళ్లు తెమ్మన్నా ఎందుకని అడుగుతారు. ఈ పిల్ల అడగకపోవడం నాకు నచ్చలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో వల్లించుకున్నాను. అఖిల, అంజుమ్, భవాని, దివ్య, గౌతమి... పక్కన కూర్చున్న ముసలాయన కాసేపు విని, "అందరు మనుమరాండ్లేనా అవ్వా?" అన్నాడు.

"నీకెందుకయ్యా?" అన్నాను. తర్వాత ఆలోచించాను. అతన్ని ఎవరైనా పంపి ఉంటారా?

ఏప్రిల్ 11, శనివారం

కుట్టు గది తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల తొమ్మిదో తరగతి పిల్లలు. ఒక గొంతు, "ఒకటి, అఖిల." ఇంకో గొంతు, "రెండు, అంజుమ్." తర్వాత నవ్వులు. తేజస్వి గొంతు, "నవ్వద్దే! టీచర్ ముంగట గిట్లనే నవ్వుతరా?"

తలుపు తోశాను. అందరూ కుట్టు ఫ్రేముల మీదికి వంగిపోయారు.

"ఏం చేస్తాన్రు?"

"ఏం లేదు టీచర్."

నేను ఎట్లా తడబడతానో ముందుగానే ఆడి చూసుకుంటున్నారు. నేను చేయి పట్టుకుని గొలుసు కుట్టు నేర్పిన పిల్లలు. వీళ్లను తయారు చేసేది ఎవరో చెప్పాల్సిన పని లేదు. గది బయట వరండాలో రాజేశ్వరి చెప్పులు ఉన్నాయి.

ఏప్రిల్ 13, సోమవారం

అద్దాలు పీట కింద పెట్టి కూర్చున్నాను. పగిలాయి. ఇప్పుడు చదవమనండి చూద్దాం.

ఏప్రిల్ 15, బుధవారం

స్టాఫ్ రూములో పగిలిన అద్దాలు అందరికీ కనిపించేలా పెట్టాను. యాకయ్య మాట్లాడకుండా జేబులో వేసుకుపోయి, లాంగ్ బెల్లులోగా కొత్త అద్దాలు వేయించుకొచ్చాడు.

"ఏం నంబరు ఏయించినవ్?"

"ఇంతకుముందు ఏదుండెనో అదే టీచరమ్మా."

"దుకాణపాయన ఏమన్నడు?"

"ఏమంటడు? అద్దమేగా అన్నడు." నేల చూస్తూ చెప్పాడు. ఎప్పుడూ ఆగని నోరు ఆ ఒక్క మాటతో ఆగిపోయింది.

యాకయ్య కూడా వాళ్లలో కలిశాడు.

ఏప్రిల్ 18, శనివారం

మా దిక్కు దేవుడు ఐలోని మల్లన్నకు మొక్కుకున్నాను. బడిలో లూర్దు మాత గుహ దగ్గర ఎవరూ లేనప్పుడు ఒక కొవ్వొత్తి కూడా పెట్టాను. ఎవరి బడిలో వారి మాట చెల్లుతుంది కదా.

వెనక్కి తిరిగితే సిస్టర్ లూర్దు. ఆరిపోయిన నా కొవ్వొత్తిని మళ్లీ వెలిగించి వెళ్లింది. నా మీద కన్నేసి ఉంచకపోతే సరిగ్గా ఆ సమయానికి అక్కడికి ఎందుకు వస్తుంది?

ఏప్రిల్ 21, మంగళవారం

జ్వరం తెచ్చుకుందామని తలకు పోసుకుని ఎండలో కూర్చున్నాను. రాలేదు. ఈ ఒంటికి రోగం కూడా అడిగినప్పుడు రాదు.

ఏప్రిల్ 22, బుధవారం

మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా ఒక్కటి తప్పకుండా వచ్చేశాయి. వెనక నుంచి ముందుకు కూడా చెప్పగలను. రాజేశ్వరి రేపు నా ముఖం చూడాలి.

నాకు భయం లేదు.

ఏప్రిల్ 23, గురువారం

అయిపోయింది. ఈ రోజు చెప్పను.

ఏప్రిల్ 24, శుక్రవారం

ఒంటిపూట బడి కాబట్టి అసెంబ్లీ పొద్దున్నే. గుహ ముందు కుర్చీలు వేశారు. ప్రార్థన అయ్యాక సిస్టర్ నా గురించి రెండు మాటలు చెప్పి, హాజరు పట్టీ నా చేతికిచ్చింది. మైకు నా నోటి ఎత్తుకు దించారు. అద్దాలు పెట్టుకుని పట్టీ తెరిచాను.

"ఒకటి. అఖిల."

"ప్రెజెంట్ టీచర్."

"రెండు. అంజుమ్."

"ప్రెజెంట్ టీచర్."

మూడు.

మూడు దగ్గర తల ఖాళీ అయింది. ఆటోలో, పొయ్యి దగ్గర, అన్నం తింటూ వల్లించిన వరస మొత్తం ఎటు పోయిందో పోయింది. పట్టీలోకి చూశాను. మూడు అంకె కనిపించింది. దాని పక్కన చీమల బారు. మైకులో నా ఊపిరి గేటు దాకా వినిపిస్తోంది. రాజేశ్వరి వైపు చూశాను. తల దించుకుని నిలబడింది. సరే, నువ్వే గెలిచావు అనుకున్నాను.

అప్పుడు చిన్న తరగతుల వరసలోంచి ఒక సన్నటి గొంతు గట్టిగా అరిచింది.

"టీచర్ అద్దాలు మర్చిపోయిండ్రు!"

అద్దాలు నా ముక్కు మీదే ఉన్నాయి.

బడి మొత్తం ఒక్కసారి నవ్వింది. అంతలోనే ఆగిపోయింది, ఎవరో చేత్తో ఆపినట్టు. తొమ్మిదో తరగతి వరసలో మూడో పిల్ల చేయి ఎత్తింది.

"మూడు. భవాని. ప్రెజెంట్ టీచర్."

నేను పిలవలేదు.

"నాలుగు. దివ్య. ప్రెజెంట్ టీచర్." "ఐదు. గౌతమి. ప్రెజెంట్ టీచర్." ఒకరి వెనక ఒకరు, మధ్యలో సందు లేకుండా, మిషను మీద కుట్టు పోయినట్టు పోయింది. తలుపు వెనక నేను విన్నది ఇదే. తడబడటం కాదు వాళ్లు ఆడి చూసుకున్నది. ప్రతి పిల్ల ముఖం చూసి తల ఊపాను. అంతకు మించి నాకు పని మిగల్చలేదు.

యాకయ్య గంట కొట్టాడు. శాలువా కప్పారు. భోజనాలు కూడా ఉన్నాయన్నారు. శాలువా కుర్చీ మీద పడేసి, ఎవరు పిలుస్తున్నా వినకుండా ఆటో ఎక్కాను.

నా దగ్గర ఇంకా సూది కూడా పట్టని చిన్న తరగతి పిల్లకు తెలుసు. అంటే అందరికీ తెలుసు. తేజస్వి ఆ రోజు నా మెడలో అద్దాలు చూసింది. యాకయ్య వాగుడు వాగుడు కాదు. ఎప్పటి నుంచి? మొదట చెప్పింది ఎవరు?

నా ఇజ్జత్ తీశారో నిలబెట్టారో తేలడం లేదు. రెండు రోజుల నుంచి పొయ్యి వెలిగించలేదు.

ఏప్రిల్ 26, ఆదివారం

రాజేశ్వరి వచ్చింది. ఒక చేతిలో శాలువా, ఒక చేతిలో టిఫిను. గడప దగ్గరే ఆపాను.

"ఎవలెవలకు చెప్పినవ్?"

"అందరికి చెప్పిన టీచర్." దాచలేదు, తడుముకోలేదు. "ఈ బడిల చేరినప్పటి సంది ప్రతి యేడు పిల్లలకు నేనే చెప్త. బక్కమ్మ టీచర్‌ను ఏదన్న చదువుమని అడుగద్దు, ఎవలన్న అడిగితే అద్దాల మాట చెప్పుండ్రి అని. నేను చేరకముందు పై క్లాసోళ్లు కింది క్లాసోళ్లకు చెప్పుకునేది. మొన్న ఆ చిన్నదానికి సగమే సమజైంది, అద్దాలు కండ్ల ముంగట ఉన్నా ఒర్రింది."

"నీకెవలు చెప్పిండ్రు?"

"నాకెవలు చెప్తరు టీచర్? ఆ ఇన్‌స్పెక్షన్ సారు వచ్చిన్నాడు ముంగటి బెంచిల కూసున్నది నేనే. మీ చేతిల పుస్తకం తల్లకిందులుంది." నా అద్దాల వైపు చూసింది. "మీకు అప్పుడు అద్దాలే లేకుండె టీచర్."

మొదటి రోజే చెప్పాను, ఇది రాజేశ్వరి పనే అని. ఫోనులో ఉంటుంది, తారీఖుతో సహా. నా అనుమానం తప్పు కాలేదు.

గడప మీద కూర్చున్నాను.

"అన్ని తెలిసినదానివి హాజరుకు నా పేరెందుకు రాసినవ్? నలుగుట్ల నిలబెట్టి షరమ్ తీద్దామనా?"

ఆమెకు కోపం వచ్చింది. రాజేశ్వరికి కోపం రావడం నేను చూడటం ఇదే మొదటిసారి.

"రాయకపోతే ఏమంటుంటిరి? కుట్టు టీచర్‌ను పక్కకు పెట్టిండ్రని నా మీదికే వస్తుంటిరి. డ్రిల్ సారు పిలిచిండు, డ్రాయింగ్ టీచర్ పిలిచింది. మీరెందుకు పిలువద్దు? మీరు టీచర్ కారా?"

ఆమె జాకెట్టు చేయి పట్టుకుని చూసి, "ఆ చెయ్యి అంచు ఊడి యాల్లాడుతాంది. లోపటికి రా" అన్నాను.

సూది తీశాను. దారం ఎక్కలేదు. తడి చేసి మళ్లీ ప్రయత్నించాను. బడిలో ఎవరో ఒక పిల్ల ఎక్కించి ఇచ్చేది, అది కూడా చెప్పి చేయించిందేనేమో. రాజేశ్వరి నా ముక్కు మీది అద్దాలు తీసి తను పెట్టుకుని చూసింది.

"ఇండ్ల నంబరే లేదు కదా టీచర్."

"ఎట్లుంటది?"

అద్దాలు తీసి నా ఒళ్లో పెట్టింది. తర్వాత, "గోడ మీది అక్షరాలా?" అంది.

నేను సూది వైపే చూశాను. ఆమె దారం ఎక్కించి ఇచ్చింది. సగం అంచు కుట్టేసరికి కళ్ల వెంట నీళ్లు కారాయి. వట్టి కళ్లు కాబట్టి, ఇంకేమీ కాదు.

"బుధవారం కండ్ల దవాఖానకు పోదాం. నేనొస్త."

"నువ్వెందుకొస్తవ్? నీకేం లాభం?"

"నా చెయ్యి అంచు సగమే కుట్టిండ్రు కదా" అంది.

ఏప్రిల్ 29, బుధవారం

దవాఖానలో బెంచీ నిండా మనుషులు. నర్సంపేట వైపు రైతులు, ఇద్దరు ముసలివాళ్లు కంటికి కట్లతో. నా వంతు వచ్చింది. తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి, ఎదురుగా గోడ మీది పలకకు దీపం వెలిగించింది. మొత్తం అక్షరాలే. నల్లగా, వరసలు వరసలుగా, పైన పెద్దవి, కింద చిన్నవి.

"పైకెళ్లి కిందికి చదువు అమ్మమ్మా."

పక్కన రాజేశ్వరి అలవాటు కొద్దీ నోరు తెరిచింది. "టీచర్ అద్దాలు..."

"ఆగు" అన్నాను.

ఆగింది.

"నాకు చదువు రాదు బిడ్డా" అన్నాను. బెంచీ మీద అందరికీ వినిపించింది. నా గొంతు అంతే, కుట్టు గదిలో అరిచి అరిచి అట్లా అయింది. "ఒక్క అక్షరం రాదు. నేను టీచర్ని. కుట్టు టీచర్ని. నాకు రాదు."

ఆ అమ్మాయి నా ముఖం వైపు కూడా చూడలేదు. గోడ మీది పలకను చేత్తో తిప్పింది. వెనకవైపు అక్షరాలు లేవు. మూడు పళ్ల దువ్వెన లాంటి గుర్తులు, ఒకటి పైకి, ఒకటి పక్కకి, ఒకటి కిందికి.

"పండ్లు ఎటు మొఖానున్నయో చెయ్యితోని చూపెట్టు అమ్మమ్మా."

చూపించాను. పైకి. కుడికి. కిందికి. నాలుగో వరస నుంచి ఏమీ కనిపించలేదు. ఆమె ఒక బరువైన ఫ్రేము పెట్టి, అద్దాలు మారుస్తూ పోయింది. ఒక అద్దం దగ్గర గోడ దగ్గరికొచ్చింది. తల తిప్పి చూశాను. రాజేశ్వరి తల నెరిసింది. ఎప్పుడు నెరిసింది? జాకెట్టు అంచు మీద నా కుట్టు వంకరగా ఉంది, చిన్నపిల్ల కుట్టినట్టు. దాన్ని ఆమె అట్లాగే వేసుకుని వచ్చింది.

లేచేటప్పుడు తెల్లకోటు అమ్మాయిని అడిగాను. "ఆ యెనుక దిక్కు బోర్డు ఎప్పటి సంది ఉన్నది బిడ్డా?"

"కొత్తదేం కాదు అమ్మమ్మా. కండ్ల దవాఖాన అన్నకాడ మొదటి సంది ఉంటది" అంది.

నాకు ఆ మాట మీద నమ్మకం లేదు.